పడనివ్వని నేల

మా మేనత్తా, ఆవిడతో పాటు మరో ఏడుగురు ఆడవాళ్లూ అత్త ఇంటి హాల్లో నేలలోకి కూరుకుపోయారని ఫోన్ వచ్చేసరికి నేను విశాఖపట్నంలో మా ప్రయోగశాల క్యాంటీన్లో కూర్చుని ఇడ్లీ తింటున్నాను. ఫోన్ చేసింది అత్త పక్కింటి వరహాలమ్మ గారు.

"రత్నమ్మా, బేగి రా. టీచరుగోరు మోకాళ్లదాకా దిగబడిపోనారు. నానూ దిగబడిపోనాను. ఫోన్ సేతిలో ఉండబట్టి సేసినాను."

"ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"దెబ్బెక్కడిదే అమ్మా! పరుపు మీద కూకున్నట్టున్నాది. లెగలేకపోతన్నాం, అంతే. నవ్వలేక సస్తన్నాం."

వెనక నుంచి ఈల వినిపించింది. అది మా పైడమ్మత్త ఈల. ఆవిడ అనకాపల్లిలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. ఉద్యోగం పోయింది గానీ ఈల మెడలోంచి దిగలేదు. ఇప్పుడు అదే ఈలతో తన వయసు ఆడవాళ్లకి కోలాటం నేర్పుతోంది.

కదలకుండా కూర్చోమని చెప్పి, ఇడ్లీ అక్కడే వదిలేసి కారెక్కాను. దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను. ఎందుకంటే ఆ నేల చేసింది మేమే.

దాని పేరు ఒడి. పైకి చూస్తే మామూలు పలకలు. లోపల ఆవాలకన్నా సన్నటి గుళికలు కిక్కిరిసి ఉంటాయి. సన్నగా కరెంటు పారినంతసేపూ అవి ఒకదాన్నొకటి పట్టుకుని బండరాయిలా ఉంటాయి. మనిషి పడిపోతున్నాడని నేలకి తెలిసిన మరుక్షణం కరెంటు ఆగిపోతుంది, గుళికలు వదులైపోతాయి, పడే మనిషి దూదిలో పడ్డట్టు పడతాడు. తరవాత అదే మెల్లగా అడుగు నుంచి బిగుసుకుంటూ మనిషిని పైకి లేపుతుంది. ఇదంతా చేయాలంటే ఆ ఇంటి మనిషి నడక ఎలా ఉంటుందో నేలకి ముందే తెలియాలి. అత్త నడక నేర్చుకోవడానికి దానికి నెల పట్టింది. కోలాటం సంగతి దానికెవరూ చెప్పలేదు. ఎనిమిది మంది ఒక్కసారిగా ఎగిరి, గిర్రున తిరిగి, పక్కకి ఒరిగి కోలలు కొట్టేసరికి పాపం అది అందరూ పడిపోతున్నారనుకుంది, ఎవరిని ముందు లేపాలో తేల్చుకోలేక అలాగే ఆగిపోయింది.

నేను వెళ్లేసరికి ఎనిమిది మందీ కోలలు చేతపట్టుకుని నేలలో కూర్చుని, ఎవరి కోడలు ఎలాంటిదో చెప్పుకుంటున్నారు. గోడమీద మీట నొక్కాను. నేల బిగుసుకుంటూ, నూనెలో పూరీలు తేలినట్టు ఒక్కొక్కరినీ పైకి తేల్చింది. అందరికన్నా ఆఖర్న మా అత్త లేచి, చీర కుచ్చిళ్లు దులుపుకుంది.

"ఏటే రత్నం, నీ నేల మమ్మల్ని మింగేసింది!"

"అత్తా, పందెం గుర్తుందా?"

"ఉన్నాది. నేల పడింది. నేను పడలేదు" అంది తడుముకోకుండా.

ఆ పందెం గురించి చెప్పాలి. కిందటి వానాకాలంలో అత్త బాత్రూంలో జారి ఎడమ చెయ్యి విరగ్గొట్టుకుంది. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఈవిడే. ఆవిడకి నేను తప్ప ఎవరూ లేరు, నిజం చెప్పాలంటే నాకూ అంతే. ఆస్పత్రిలో ఆ కట్టు చూసి నాకు ఏడుపాగలేదు. ఇక ఒక్కతివీ ఉండొద్దు, నా ఫ్లాట్‌కి వచ్చెయ్యి, కిటికీ తీస్తే సముద్రం కనిపిస్తుంది అన్నాను.

"సముద్రం నాకెందుకే? నాకు ఈత రాదు. ఈ ఇల్లు నా జీతంతో కట్టుకున్నాను. ఇక్కడ నా జట్టున్నాది. నానెక్కడికీ రాను."

వాదించి వాదించి, ఆఖరికి ఇంటినే ఆవిడకి తగ్గట్టు మార్చడానికి ఒప్పించాను. బాత్రూంలో పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు వేయించాను. మర్నాడు వెళ్లి చూస్తే వాటిమీద లంగాలు ఆరుతున్నాయి. అటక మీది డబ్బాలన్నీ చేతికందే అరల్లోకి దింపించాను. దీపాలు మనిషి అలికిడికి వాటంతటవే వెలిగేలా పెట్టించాను. దొంగలకి కూడా వెలుగుతాయా అని అడిగింది. అసలు యుద్ధం గడప దగ్గర వచ్చింది. కాలు తట్టుకుంటుంది, తీసేద్దాం అన్నాను.

"గడప తీసేత్తే లచ్చిందేవి ఎక్కడనుంచి అడుగెడతాది?"

"లక్ష్మీదేవికి మోకాళ్ల నొప్పులుంటే?"

దానికి మాత్రం కాసేపు ఆలోచించింది. ఆఖరికి గడప పసుపూ బొట్లతో ఉన్నచోటే ఉంది, దానికి రెండు వైపులా వాలు కట్టించాం. ఆ తరవాతే ఒడి పరిచాం. మా ప్రయోగశాల బయట ఒక ఇల్లంతా ఒడి పరచడం అదే మొదలు.

ఇంత చేసినా నా భయం తీరలేదని ఆవిడకి తెలిసిపోయింది. అప్పుడు పందెం వేసింది. "నూకాలమ్మ జాతరకి మా కోలాటం గుడిదాకా ఎల్తాది, నేను ముందుంటాను. ఈలోగా గానీ ఆ రోజు గానీ నేను పడ్డానంటే పెట్టి సర్దుకుని నీ ఇంటికొచ్చేత్తాను. పడకపోతే నువ్వు మళ్లీ ఆ మాట ఎత్తకూడదు."

"సరే."

"ఆగాగు. పందెమంటే రెండేపులా ఉండాల. నువ్వు పడితే నువ్వొచ్చి నా ఇంట్లో ఉండాల."

పగలబడి నవ్వి చేతిలో చెయ్యేశాను. నాకింకా నలభై నిండలేదు. రోజూ పొద్దున్నే పరుగు కూడా తీస్తాను, ప్రయోగశాల వరండాలోనే అనుకోండి.

కోలాటం గొడవ విని మా ప్రయోగశాల పెద్ద బెహరా గారు తల అడ్డంగా ఊపారు. చాలా మంచి మనిషి, మేధావి, ఒడి అంటే కన్నబిడ్డ ఆయనకి. "హాల్లో కోలాటం కుదరదండీ రత్నం గారూ. దాన్ని కాసేపు ఆపేద్దామంటారేమో, ఆపిన ఆ కాసేపట్లోనే ఎవరైనా పడితే? ఉగాది దాటాక వృద్ధుల వసతి గృహాలన్నిట్లోనూ పరచబోతున్నాం. ఇప్పుడు ఒక్క ఎముక విరిగిందా, మన పని అయిపోయినట్టే."

ఒడిలో ఆయన అన్నిటికన్నా మురిసిపోయేది చేయూత. మనిషి అడుగు వేస్తూ ఎటైనా కొంచెం తూలితే, ఆ పక్క పలక వెంట్రుకవాసి పైకి లేచి మనిషిని నిటారుగా సర్దేస్తుంది. కాలికి ఆ సంగతే తెలియదు. మేం మూడేళ్లుగా ప్రయోగశాల అంతా ఆ నేలమీదే తిరుగుతున్నాం. బెహరా గారు వాళ్లమ్మగారి గదిలోనూ ఎప్పుడో ఆ పలకలు పరిచారు. "మా అమ్మ ఇప్పుడు గుమ్మం కూడా దాటదండీ, అంత సుఖంగా ఉంది" అని అందరికీ చెప్పేవారు.

కోలాటం మానెయ్యమని అత్తకి భయపడుతూ చెప్పాను. "సర్లే, మానేత్తాం" అంది. నా జన్మలో ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకున్న మాట అదొక్కటే. అనుమానించాల్సింది, కానీ ఒప్పుకుందన్న సంతోషంలో నాకా ఆలోచనే రాలేదు.

చలికాలంలో ఒకరోజు అత్తే ఫోన్ చేసింది. "ఒలే, గంజి వారుత్తూ ఒలకబోసుకున్నాను. దానిమీదే కాలేసి జారాను. నీ నేల ఉన్నాదే, అమ్మ ఒళ్లో పెట్టుకున్నట్టు పెట్టుకుంది నన్ను. కాసేపు అలాగే తొంగుని పైకి సూసినాను. సాలీడు గూడుంది, దులపాల."

ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకున్నాను. ఎన్ని ప్రశంసాపత్రాలు ఆ ఒక్క మాటకి సరితూగుతాయి? ఆ రోజు పందెం సంగతి నేనెత్తలేదు. ఆవిడ ఎలాగూ ఎత్తలేదు.

ఒడి పంపే నివేదికల్లో అత్త నడక బంగారంలా ఉండేది. ఒక్కటే వింత, రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లు ఖాళీగా ఉన్నట్టు చూపించేది. అడిగితే, వరహాలమ్మ ఇంట్లో సీరియల్ చూస్తన్నానంది. నమ్మాను.

ఆ ఏడాది మా ప్రయోగశాలలో ఎవరికీ చెప్పులు కలిసిరాలేదు. నేను ఆటో దిగుతూ మడమ మెలిక పడేసుకుని ఒక జత పారేశాను, కూరగాయల బజార్లో తూలి ఇంకో జత పారేశాను. బెహరా గారు బ్యాంకు మెట్ల మీద జారి, అప్పట్నుంచి చేతికర్ర పట్టుకుని, దర్జా కోసమే అనేవారు. అందరం కలిసి మునిసిపాలిటీ వాళ్లని తిట్టుకునేవాళ్లం, ఈ ఊళ్లో ఒక్క ఫుట్‌పాత్ సరిగ్గా ఉండదని.

జాతర రెండు రోజులుందనగా చెప్పకుండా అనకాపల్లి వెళ్లాను. అత్త ఇంటికి తాళం వేసుంది. వరహాలమ్మ గారింటికీ తాళమే. ఏం చేయాలా అని వీధిలో నిలబడి ఉంటే దూరంగా ఈల వినిపించింది. ఆ ఈల పట్టుకుని వెళితే బెల్లం మార్కెట్ యార్డు వచ్చింది.

పొద్దుటి వేలంపాట అయిపోయి యార్డు ఖాళీగా ఉంది. ఎగుడుదిగుడు సిమెంటు నేల, ఎక్కడ చూసినా గుంటలు, కారిన బెల్లం పాకం జిగట, దాని మీద ఈగలు. మధ్యలో ఎనిమిది మందీ కోలాటం ఆడుతున్నారు. చీరలు దోపుకుని, చెప్పులు పక్కన విడిచి, గుంట వస్తే దాటుతూ, జిగట వస్తే కాలు పీకి మళ్లీ వేస్తూ. మా అత్త ముందుంది. కోలాటంలో ఒక్కో అడుగుల వరసని కోపు అంటారు. ఒక కోపు నుంచి ఇంకో కోపుకి ఈలతో మారుస్తోంది.

"ఇదేనా సీరియలు?" అని అరిచాను.

కోలలు ఆగాయి. "ఇదీ సీరియలే. రోజూ వస్తాది" అంది అత్త. వరహాలమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"నవ్వులాట కాదత్తా! విరిగిన చెయ్యి అతికి ఎన్నాళ్లైందని? ఇక్కడ పడితే పట్టుకోవడానికి ఒడి లేదు."

"లేదని తెలుసు కాబట్టే ఒళ్లు దగ్గరెట్టుకుని ఆడతన్నాం."

నాకు కోపం నషాళానికి అంటింది. ఆ యార్డు వాళ్లతో చెప్పి గేటుకి తాళం వేయిస్తానన్నాను. నిన్ను ఇవాళే కారెక్కించి తీసుకెళ్తానన్నాను. అత్త నా కేకలన్నీ విని, నుదుటి చెమట తుడుచుకుని, "రెండు రోజులాగు. జాతరలో తేలుద్ది కదా" అంది. ఆ గొంతులో పంతం కన్నా బతిమాలడం ఎక్కువుంది. ఆ ఇల్లు, ఆ జట్టు, ఆ ఈల అన్నీ ఆ ఒక్క రోజు మీద పెట్టేసుకుందని అప్పుడర్థమైంది. గేటు మాట వదిలేసి వెనక్కి తిరిగాను.

జాతర రోజు ఊరంతా వీధుల్లోనే ఉంది. ముందు డప్పులు, వెనక అమ్మవారి ఘటాలు, మధ్యలో మా అత్త జట్టు ఎర్రంచు పసుపు చీరల్లో. ప్రతి ఇంటి ముందూ బిందెలతో పసుపునీళ్లు తెచ్చి ఘటాలెత్తిన వాళ్ల కాళ్ల మీద పోస్తున్నారు. రోడ్డంతా నీళ్లూ, వేపమండలూ, కొబ్బరి చిప్పలూ. నేను కట్లూ మందులూ సంచిలో పెట్టుకుని జట్టు పక్కనే నడుస్తున్నాను. నా కళ్లు అత్త పాదాల మీదే ఉన్నాయి. బెహరా గారు కూడా వచ్చారు. తన నేల మీద నివసించే మనిషి జాతరలో ఆడుతుంటే వీడియో తీసి వసతి గృహాల వాళ్లకి చూపించాలని ఆయన ఉత్సాహం.

మార్కెట్ మలుపు దగ్గర అత్త కాలి కింద కొబ్బరి చిప్ప పడింది. కాలు సర్రున జారింది. ఒళ్లంతా పక్కకి ఒరిగింది. నేను "అత్తా" అని ఎగిరి దూకాను.

అత్త పడలేదు. ఒరిగిన వైపే ఇంకో అడుగేసి, ఆ అడుగు మీదే గిర్రున తిరిగి, వరహాలమ్మ గారి కోల మీద కోల కొట్టింది. చూసినవాళ్లు అదొక కొత్త కోపు అనుకుని చప్పట్లు కొట్టారు.

నా కాలు పసుపునీళ్లలో పడింది. తూలాను. ఆ క్షణం నాకిప్పటికీ గుర్తుంది. నా కాళ్లు ఏమీ చేయలేదు. నేల లేచి సర్దుతుందని ఊరికే ఎదురు చూశాయి. అది మామూలు తారురోడ్డు, ఏమీ లేవలేదు. నేను బోర్లా పడ్డాను. నన్ను లేపడానికి వచ్చిన బెహరా గారు చేతికర్రతో సహా నా మీద పడ్డారు.

డప్పులు ఆగిపోయాయి. ఈల మోగింది. జట్టంతా వచ్చి మా ఇద్దరినీ ఎత్తి ఒక ఇంటి అరుగు మీద కూర్చోబెట్టింది. మోచేతులు గీరుకుపోయాయి, అంతే. అత్త నవ్వుతుందనుకున్నాను. పడిందెవరే అని ఎకసెక్కం చేస్తుందనుకున్నాను. ఆవిడ నవ్వలేదు. జీవితమంతా పిల్లల కాళ్లు చూసిన మనిషి, నా కాళ్ల వంకే చూస్తోంది.

"లెగు. ఒంటికాలి మీద నిలబడు."

"అత్తా, ఊరేగింపు..."

"ఘటాలకి నీళ్లు పోత్తన్నారు, ఆగుతాది. నిలబడు."

నిలబడ్డాను. కాలెత్తీ ఎత్తకముందే తూలి స్తంభం పట్టుకున్నాను. బెహరా గారు కాలు ఎత్తనేలేకపోయారు. వరహాలమ్మ గారు బుగ్గలో కిళ్లీతో ఒంటికాలి మీద కొంగలా నిలబడి మా ఇద్దరినీ జాలిగా చూశారు.

అప్పుడు ఆ చెప్పుల జతలన్నీ ఒక్కసారి కళ్ల ముందు వరసకట్టాయి. తప్పు చెప్పులది కాదు, ఫుట్‌పాత్‌లదీ కాదు. మూడేళ్లుగా చేయూత మమ్మల్ని ప్రతి అడుగుకీ సర్దుతోంది. తూలితే సర్దుకోవడం అనే పని మా కాళ్లు మరిచిపోయాయి. అత్త కూడా అదే నేల మీద ఉంది, కానీ రోజూ మధ్యాహ్నం ఆ గుంటల యార్డులో తన కాళ్లకి మళ్లీ గుర్తు చేస్తూ వచ్చింది. నేను ఆ గేటుకే తాళం వేయిస్తానన్నాను. వసతి గృహాల్లో ఆ నేల పరిచి ఉంటే ఏమయ్యేది? అక్కడి వాళ్లు లోపల రాజహంసల్లా నడిచేవారు, గేటు దాటితే నిలబడలేకపోయేవారు. మేం దానికి సుఖం అని పేరు పెట్టేవాళ్లం.

బెహరా గారు నాకన్నా ముందే ఈ లెక్క వేసేసుకున్నారు. నెమ్మదిగా అన్నారు, "మా అమ్మ గుమ్మం దాటదని చెప్పానే. దాటలేకపోతోందండీ. నాకు చెప్పడం ఇష్టం లేక ఊరుకుంది." ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అత్త ఆయన పక్కన కూర్చుంది. "ఏడవకండి బాబూ. గంజిలో జారినప్పుడు మీ నేలే నన్ను కాపాడింది. పడినప్పుడు పట్టుకుంది, అది మంచిదే. నడిసినప్పుడు కూడా పట్టుకుంటేనే ఇబ్బంది. అమ్మగారిని తీసుకురండి, యార్డులో నేను సూసుకుంటాను."

డప్పులు మళ్లీ మొదలయ్యాయి. అత్త లేచి, తన రెండు కోలల్లో ఒకదాని కొస నా చేతికిచ్చింది. రెండో కొస తను పట్టుకుంది. అలా ఆవిడ ఒక చేత్తో కోలాటం ఆడుతూ, ఇంకో చేత్తో నన్ను నడిపిస్తూ గుడిదాకా తీసుకెళ్లింది. దారిలో ఎవరో "పాపం, ఆ పిల్లకి కళ్లు కనిపించవా?" అని అడిగారు. "కళ్లు బానే ఉన్నాయి, కాళ్లే సదువుకోలేదు" అని చెప్పింది అత్త.

ఉగాది దాటాక జరగాల్సిన పని ఆగిపోయింది. వసతి గృహాల వాళ్లతో మేమే వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాం. కోప్పడ్డారు, తరవాత ఆగుతామన్నారు. చేయూత తీసేశాం. బెహరా గారు తన చేతులతోనే తీశారు. ఇప్పుడు ఒడి నిజంగా పడేవాళ్లని పట్టుకుంటుంది, నడిచేవాళ్ల జోలికి పోదు. పైగా కోరినప్పుడు కాసేపు చిన్నచిన్న మిట్టపల్లాలు తేలుస్తుంది, కాళ్లకి సాధన కోసం. దానికి యార్డు అని పేరు పెట్టింది బెహరా గారే. ఒడికి కోలాటం కూడా నేర్పించాం. ఎనిమిది మంది ఎగిరినా ఇప్పుడది కంగారు పడటం లేదు. బెహరా గారి అమ్మగారు మొన్న గేటు దాకా నడిచొచ్చి కూరగాయలవాడితో బేరమాడి గెలిచారట. ఆయన ఆ మాట ప్రయోగశాలంతా తిరిగి చెప్పారు.

ఇక మిగిలింది పందెం. ఇవన్నీ అయినా అత్త ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని నేనే ఎదురుచూశాను. రెండు ఆదివారాలు చూసి, ఆ సముద్రం కనిపించే ఫ్లాట్‌కి తాళం వేసి, పెట్టె సర్దుకుని బయల్దేరాను. అనకాపల్లి నుంచి విశాఖపట్నానికి రోజూ ఎంతమంది రైల్లో వెళ్లిరావడం లేదు?

అత్త గుమ్మంలోనే నిలబడి ఉంది. వాలెక్కి, గడప దాటి, కుడికాలు లోపల పెట్టాను. పెట్టె చూసింది, నా మొహం చూసింది. కళ్లు మెరిశాయి. పెట్టె కింద పెట్టబోతుంటే ఈల మోగింది.

"పెట్టి తరవాత. ముందు ఒంటికాలు."

హాలు మధ్యలో నిలబడి కాలెత్తాను. నేల సాయం చేయలేదు, చేయకూడదని దాని ప్రోగ్రాంలో రాసింది నేనే. తూలాను, మడమ వణికింది, నా అంతట నేను సర్దుకున్నాను. అత్త చెయ్యి నా మోచేతి పక్కనే ఉంది, తగలకుండా. ఈ చెయ్యి పట్టుకునే నేను మొదటిసారి నడక నేర్చుకున్నానని మా అమ్మ చెబుతుండేది. ఇప్పుడది పట్టుకోవడం లేదు. పడితే మాత్రం పట్టుకుంటుందని నాకు తెలుసు.